త్రోవ చెప్పిన చరిత్రము

ముప్పదియేండ్లు బడిలో చరిత్రపాఠములు చెప్పితిని. రాజుల పేర్లును, యుద్ధముల సంవత్సరములును పిల్లలచేత వల్లెవేయించితిని. కాని ఒక త్రోవను చూచి చరిత్రము చదువుట యెట్లో వారికి నేర్పలేదు. నాకే తెలియనిది వారికెట్లు నేర్పగలను? ఆ విద్య నాకు అఱువది దాటిన పిమ్మట, సముద్రమధ్యమున నొక ద్వీపనగరములో, మోకాలెత్తు బండిలో కూర్చుండినప్పుడు అబ్బినది. ఆ నగరము పేరు నహా.

జపాను దేశమునకు దక్షిణమున, తైవాను దిక్కుగా, పూసలపేరువలె దీవులు వరుసదీరి యున్నవి. వానిలో పెద్దది ఒకినావా. దాని ముఖ్యపట్టణము నహా. అది కర్కటరేఖకు కొంచెము ఉత్తరమున, ఇంచుమించు 26 డిగ్రీల అక్షాంశముమీద నున్నది. గోదావరి లంకలలో పుట్టిన నాకు అచ్చట పరాయితనము తోపలేదు. అరటి, బొప్పాయి, మందార, చెఱకు అన్నియు కలవు. ఉక్కపోతయు మనదే, తుపానులును మనవే. కాకరకాయ యనిన ఆ ద్వీపవాసులకు ప్రాణము. నా కుమార్తె అచ్చట పరిశోధన చేయుచుండగా, 2024లో ఆమెను చూడబోయితిని.

ఒకనాటి మధ్యాహ్నము ఆమె నన్ను గో-కార్టులు అద్దెకిచ్చు చోటికి తీసికొనిపోయినది. నేను వెనుదీసితిని. "నాన్నగారూ, బస్సులో కూర్చుంటే ఊరు కిటికీలోనే ఉండిపోతుంది. ఇందులో కూర్చుని చూడండి" అని ఆమె నన్ను ఒప్పించినది. నాలుగు చిన్న చక్రములు, ఒక ఆసనము, త్రిప్పుటకు ఒక చక్రము, పాదములకు రెండు మీటలు. ఇంతియే ఆ బండి. పైకప్పు లేదు, తలుపు లేదు. ఆసనము నేలకు జానెడెత్తున నుండును. దానిని రాజవీథులలో నడుపుటకు యోగ్యతాపత్రము కావలెను. 1949 నాటి జెనీవా ఒడంబడిక ననుసరించి మన దేశమున నిచ్చు అంతర్జాతీయ పత్రము అచ్చట చెల్లును. ఈ ఒడంబడికను జ్ఞాపకముంచుకొనుడు. మరల దానితో పని కలదు.

మార్గదర్శి యైన యువకుడు ముందు బండిలోను, మేము వెనుక వరుసగాను బయలుదేఱితిమి. అతడు చేయెత్తిన ఆగవలెను, చేయి చాచినవైపు తిరుగవలెను. కొందఱు ప్రయాణికులు వినోదమునకై చిత్రవేషములు ధరించిరి. నాకును ఒకటి చూపిరి గాని, నేను శిరస్త్రాణముతోనే సరిపెట్టుకొంటిని. నా కండువా చక్రములో చుట్టుకొనునని మార్గదర్శి దానిని మడిచి పెట్టించెను. పెద్దబండ్ల చక్రములు నా భుజములయెత్తున తిరుగుచుండగా, ఇష్టదైవమును తలచుకొని కదలితిని.

అచ్చట బండ్లు మనవలెనే ఎడమప్రక్కను పోవును. అందువలన నాకు తడబాటు కలుగలేదు. మొదటి ఎఱ్ఱదీపమువద్ద నిలిచినప్పుడు నేనీమాట యనగా, మార్గదర్శి వెనుదిరిగి, "మా తాతగారు కుడిప్రక్కను నడిపినవారు" అనెను. ఏ దేశములో? ఆ ఊరిలోనే, ఆ వీథిలోనే! 1945 మొదలు 1972 వఱకు ఆ ద్వీపము అమెరికా వారి పాలనలో నుండెను. వారు తమ వాడుకచొప్పున బండ్లను కుడిప్రక్కను నడపించిరి. 1972 మే 15వ తేదీని ద్వీపము జపాను చేతికి మరల వచ్చినది. నేను చెప్పిన జెనీవా ఒడంబడికయే, ఒక దేశమునందంతటను ఒకే ప్రక్క నడుపవలెనని విధించుచున్నది. కావున 1978 జూలై 29వ తేదీ రాత్రి 10 గంటలకు, అత్యవసరమైనవి తప్ప, బండ్లన్నిటిని ఆపిరి. రాత్రికి రాత్రి గుర్తుపలకలు మార్చిరి. 30వ తేదీ ఉదయము 6 గంటలకు ద్వీపమెల్ల ఎడమప్రక్కకు మారినది. ఎడమవైపు ద్వారములు గల క్రొత్త బస్సులు కొనవలసివచ్చినది. ఏలుబడి మారిన సంగతి మన గ్రంథములు సింహాసనమునుబట్టి చెప్పును. అచ్చటివారు త్రోవను దాటునప్పుడు ఏవైపు ముందు చూడవలెనో దానినిబట్టి చెప్పుదురు.

పిమ్మట కొకుసాయి వీథిలో ప్రవేశించితిమి. ఆ పేరునకు అంతర్జాతీయ వీథి యని అర్థము. దాని నిడివి 1.6 కిలోమీటర్లు. ఇరువైపుల అంగళ్లు, తాటిజాతి చెట్లు, ద్వారములమీద రక్షకులై కూర్చున్న మట్టిసింహములు. నేలకు దగ్గఱగా పోవుచుండుటచేత, నడచువారి మోములన్నియు మాకు ఎదురుగానే వచ్చుచుండెను, పిల్లలు చేతులూపిరి. ఆ సంతోషము క్రింద బూడిద యున్నదని పిమ్మట తెలిసినది. 1944 అక్టోబరు 10వ తేదీ విమానదాడిలో నహా నగరము నూటికి తొంబదిపాళ్లు కాలిపోయినది. 1945 ఏప్రిలులో అమెరికా సేనలు పెద్ద ద్వీపముమీద దిగినవి. జూను కడపటికి పోరు ముగియునప్పటికి రెండులక్షలకు మించి జనులు మడిసిరి. ద్వీపవాసులలో నలుగురికి ఒక్కరు పోయిరని లెక్క. యుద్ధమునకు పూర్వము ఊరివెలుపలి త్రోవయైన ఈ చోట, 1948లో ఒక నాటకశాల వెలసినది. దాని పేరులోని అంతర్జాతీయ శబ్దమే వీథికి పేరైనది. కాలిన ఊరు ఈ త్రోవవెంట మరల మొలకెత్తినది.

అచ్చటినుండి రేవువైపు సాగితిమి. సముద్రపు గాలి మొగమునకు కొట్టగా మార్గదర్శి బండి నాపి, "మా రాజ్యము ఇక్కడ పుట్టింది" అనెను. ఆ మాట సత్యము. 1429లో షో హషి యను రాజు ద్వీపములోని మూడు రాజ్యములను ఒకటిచేసి రియూక్యూ రాజ్యమును నిలిపెను. పంటభూమి తక్కువ, సేన స్వల్పము. అయినను ఆ రాజ్యము నావలచేత బ్రదికినది. చీనాకు గంధకమును, గుఱ్ఱములను పంపి, పట్టును, పింగాణిని తెచ్చుకొని, వానిని సయాము, జావా, మలక్కా రేవులకు కొనిపోయి, మిరియములు, రంగుచెక్క తెచ్చుచుండెను. 1458లో పోతపోసిన ఒక కంచుగంట ఆ రాజుల కోటలో వ్రేలాడుచుండెను. నావలే దేశములకు నడుమ వంతెనలను భావము దానిమీద చెక్కబడియున్నది. యుద్ధమును దాటి ఆ గంట నేటికిని నహాలోని ప్రదర్శనశాలలో నిలిచియున్నది.

మలక్కా యనగానే నా చెవులు నిక్కినవి. ఆ కాలమున మన తూర్పుతీరపు నూలువస్త్రములు ఆ రేవున విరివిగా అమ్ముడుపోవుచుండెను. వానిని తెచ్చు వర్తకులను అచ్చటివారు క్లింగులని పిలిచిరి. కళింగ శబ్దమే దానికి మూలము. నూలును ముళ్లువేసి రంగులో ముంచి నేయు విద్య మన పోచంపల్లి, చీరాల నేతగాండ్రకు తెలిసినదే కదా! అట్టి నేతయే ఒకినావాలోను కలదు. అది భారతదేశమునుండి ఆగ్నేయాసియా రేవులమీదుగా అచ్చటికి చేరినదని వస్త్రచరిత్రకారులు పలువురు చెప్పుదురు. ఓడవర్తకులకు అభయమిచ్చుచు 1244లో మోటుపల్లిలో శాసనము వేయించిన గణపతిదేవుని పాఠము నేను ఎన్నిమాఱులో చెప్పితిని. ఆ ఓడల త్రోవలు ఎందాక పోవునో ఒక్కనాడును ఆలోచింపలేదు.

1609లో సత్సుమా ప్రభువుల సేన వచ్చి రియూక్యూ రాజును చెఱపట్టినది. నాటినుండి ఆ చిన్నరాజ్యము ఒకవైపు వారికిని, మఱియొకవైపు చీనాకును కప్పము కట్టుచు, ఇద్దఱు పెద్దల నడుమ నలిగినది. 1879లో జపాను ప్రభుత్వము రాజ్యమునే తీసివేసి, కడపటి రాజైన షో తాయిని టోక్యోకు తరలించినది.

సాయంకాలము బండ్లప్పగించి అంగడివీథిలో నడచితిమి. ఎనుబదికి చేరువైన ఒక ముదుసలి కాకరకాయలు అమ్ముచుండెను. నా కుమార్తె దుబాసిగా ఆమెతో మాటాడితిని. ఆమె బాల్యమున సైనికాధికారుల నోట్లు చెల్లినవి. 1958 నుండి డాలర్లు. 1972 నుండి జపాను యెన్లు. డబ్బాలో దాచుకొనిన యొక చిన్న అమెరికా నాణెమును నాకు చూపి ఆమె నవ్వి, "డబ్బు మారింది, దారి మారింది, కాకరకాయ మారలేదు" అనినది. నా ముప్పదియేండ్ల పాఠములలో ఇంత క్లుప్తమైన వాక్యమును నేను చెప్పియుండలేదు.

మఱునాడు షురి కొండకు పోయితిమి. రాజుల కోట అచ్చటిదే. అది 1453లో, 1660లో, 1709లో కాలినది. 1945లో జపాను సేనవారు కోటక్రింద సొరంగములు త్రవ్వి తమ ముఖ్యస్థానము నుంచుకొనుటచేత, గుండ్లవానలో నేలమట్టమైనది. 1992లో మరల కట్టిరి. 2019 అక్టోబరు 31వ తేదీ తెల్లవాఱుజామున మరల అగ్నికాహుతియైనది. 2022లో తిరిగి పని ప్రారంభించిరి. నేను చూచునప్పటికి పెద్దకప్పు క్రింద వడ్రంగులు దూలములు కూర్చుచుండిరి. అయిదుమాఱులు కాలిన యింటిని ఆఱవమాఱు ఏల కట్టుచున్నారని మనసులో ననుకొంటిని. దానికి సమాధానము నాకు త్రోవమీదనే దొరకినది.

కార్టులలో మేము పోయిన దారిలో 58వ నంబరు రహదారి యొకటి కలదు. అమెరికా పాలనలో అది మొదటి నంబరు సైనికమార్గము. ఏటేట అక్టోబరులో ఆ రహదారిమీదనే బండ్లాపి, 200 మీటర్ల పొడవు, ఇంచుమించు 40 టన్నుల బరువు గల గడ్డిమోకును పఱతురు. తూర్పువారు, పడమటివారు చేరి వేలకొలది జనులు లాగుదురు. రాజుల కాలమునాటి ఆ పండుగ యుద్ధమునకు ముందు ఆగి, 1971లో మరల మొదలైనది. అప్పటికి ద్వీపము ఇంకను పరుల యేలుబడిలోనే యున్నది. లాగుట ముగియగానే మోకును ముక్కలు చేసి, శుభమని యింటికి కొనిపోవుదురు.

నేను ఆ పండుగకు ముందే తిరిగివచ్చితిని. తరువాత ఇంటికి వచ్చినప్పుడు నా కుమార్తె ఆ మోకుముక్క నొకటి తెచ్చియిచ్చినది. మన కళ్లములోని వరిగడ్డివంటిదే. దానిని నా చరిత్రపుస్తకముల ప్రక్కను పెట్టుకొంటిని. ఇప్పుడు మా వీథి పిల్లలు వచ్చినప్పుడు నేను సంవత్సరములు అడుగుట మానితిని. "మీ యింటిముందరి త్రోవ మునుపెటు పోయెడిదో, మీ తాతగారిని అడిగి రండు" అని పంపుచున్నాను. పెద్దలారా, ఆ పిల్లలు మీయొద్దకే వత్తురు. దయచేసి వారిని కూర్చుండబెట్టి చెప్పుడు.