అబ్బా బాజా, దాదా తవాలు



మా అబ్బా ఇంతెఖాల్ అయిన రెండో ఏడు, సుల్తానాబాద్‌లో మా ఇంటి అటక మీది నుంచి ఒక పెట్టె దింపాను. మూత తీస్తే కరెంటు రికార్డు ప్లేయర్. పక్కన పాత గుడ్డలో చుట్టిన రెండు నల్ల రికార్డులు. అవి మా దాదా జమానావి. ఇంట్లో వాటిని తవాలనేవాళ్లు. అమ్మీ చూసి, "జర నడ్పియ్యి బేటా. మీ అబ్బా పానం పెట్టుకున్న ఖవ్వాలీ అండ్లనే ఉంటది" అన్నది.

అసలు ఈ తవాలు మన ఇళ్లదాకా ఎట్లా వచ్చాయి? 1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. బనారస్‌లో ఇస్లాం స్వీకరించిన మల్కా జాన్ కూతురు ఆమె. పాట ఆఖర్న తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. ఆ రోజుల్లో రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. పాట ఎవరిదో అక్కడివాళ్లకు ఆ పేరుతోనే తెలిసేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక తవాలు ఇక్కడే తయారయ్యాయి.

చావి తిప్పే గ్రామఫోన్‌కు కరెంటుతో పనిలేదు. లోపలి స్ప్రింగే మోటారు. అందుకే కరెంటు రాని ఊళ్లకు కూడా పాట చేరింది. తవాకు ఒక వైపు మూడు నిమిషాలే. రాత్రంతా సాగే ఖవ్వాలీ ఆ మూడు నిమిషాల్లో ఇమడాల్సి వచ్చింది. బాజా జాయెజా కాదా అన్న బహస్ మన ఇళ్లల్లో కొత్తది కాదు. మా దాదా నాత్, ఖవ్వాలీ తప్ప వేరేది పెట్టనిచ్చేవాడు కాదట.

ఇక రిపేరు. ప్లగ్గు పీకి, పళ్లెం ఎత్తి చూశాను. మోటారు తిరుగుతున్నా పళ్లెం తిరగకపోవడానికి కారణం దొరికింది. ఇరుసుకు పెట్టిన గ్రీజు ఎండి జిగురైంది. మోటారుకూ పళ్లేనికీ మధ్య తిరిగే రబ్బరు చక్రం గట్టిపడి జారుతోంది. పాత గ్రీజు తుడిచేసి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాను. రబ్బరు అంచును సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్దాను. రబ్బరుకు నూనె తగలనీయొద్దు, తగిలితే మళ్లీ జారుతుంది. సూది కూడా చూసుకోవాలి. 78 వేగం తవాల గాడి వెడల్పు, తర్వాత వచ్చిన ఎల్పీల గాడి సన్నం. ఒకదాని సూది ఇంకోదానికి పెడితే పాట సరిగా రాదు. 78కి తగిన కొత్త సూది తెప్పించి పెట్టాను. పళ్లెం తిరిగింది, అల్హమ్దులిల్లాహ్.

గలతీ అప్పుడు చేశాను. మొదటి తవా మీద బూజు ఉంటే, స్పిరిట్ ముంచిన గుడ్డతో బాగా తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. మురికి వదులుతోందని ఇంకా రుద్దాను. వదిలింది మురికి కాదు, పాట. ఆ తవాలు ప్లాస్టిక్ కావు, లక్క. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురును శుద్ధి చేసి, రాతిపొడి, మసి కలిపి చేసేవాళ్లు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మన ఆడవాళ్లు కొనుక్కునే గాజులదీ ఆ లక్కే. ఒకప్పుడు ప్రపంచమంతటి తవాలకూ ఎక్కువ లక్క మన దేశం నుంచే పోయింది. నా చేతికి మాత్రం ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

రెండో తవాను గోరువెచ్చని నీళ్లలో సబ్బు చుక్క వేసి, మధ్యలోని కాగితం తడవకుండా మెత్తని గుడ్డతో కడిగి, వెంటనే ఆరబెట్టాను. అది పాడింది. అమ్మీ చివరిదాకా విని, "ఇది కాదు బేటా, ఇంకోటి" అన్నది. నాకు నోట మాట రాలేదు. జరిగింది చెప్పాను. కొద్దిసేపు ఊరుకొని, "సరే, ఆ పాట నాకు యాదికున్నది" అని మెల్లగా కూనిరాగం తీసింది. ఆ రాత్రే ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేసుకున్నాను.

మీ అటకల మీద ఇట్లాంటి పెట్టె ఉంటే కబాడీకి ఇవ్వకండి. ముట్టుకునే ముందు అది దేంతో చేసిందో తెలుసుకోండి. తవా మీది పేర్లు రాసి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, ఆ పాట యాదికున్న పెద్దవాళ్ల పక్కన కూర్చొని వినండి. పెట్టె రిపేరు రేపైనా చేసుకోవచ్చు. వాళ్లు మన దగ్గర అమానత్.