బ్యాంకాక్‌లో సగం కప్పు

ఫుట్‌బాల్‌లో భారత్ ఆసియాను చివరిసారి ఎప్పుడు గెలిచింది? ఆట తెలిసినవాళ్లు తడుముకోకుండా 1962 అంటారు. జకార్తా ఆసియా క్రీడలు, కోచ్ రహీమ్ సాబ్, ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆట తెలియనివాళ్లు కూడా ఆ మాట చెప్పగలుగుతున్నారు. అయితే ఆ తర్వాత పన్నెండేళ్లకు మన జట్టు ఇంకోసారి ఆసియా విజేత పీఠం ఎక్కింది. 1974 ఏప్రిల్, బ్యాంకాక్, ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా ఇరాన్. ఆట 2-2తో ముగిసింది, రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. మన కెప్టెన్ వయసు పద్దెనిమిది. పేరు షబ్బీర్ అలీ. హైదరాబాద్ కుర్రాడు.

ఆ కప్పు విలువ తెలియాలంటే ఆ టోర్నీ పుట్టుక తెలియాలి. మలయా ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్‌కు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 1958లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడే కౌలాలంపూర్‌లో కుర్రాళ్ల జట్ల మధ్య ఈ పోటీ మొదలైంది. అప్పుడప్పుడే స్వతంత్రమైన దేశాలు, యుద్ధాల నుంచి తేరుకుంటున్న దేశాలు ఏటా తమ ఇరవై ఏళ్లలోపు పిల్లల్ని ఒకచోట చేర్చి ఆడించేవి. ఏటా అనే మాటలోనే అసలు బలం ఉంది. ఈ ఏడు ఓడిన దేశానికి వచ్చే ఏడు మళ్లీ అవకాశం. ఆ ఒక్క ఏర్పాటు వల్ల పిల్లల జట్టును ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే అలవాటు చాలా దేశాలకు పట్టుబడింది.

మొదటి రెండేళ్లూ దక్షిణ కొరియా గెలిచింది. ఆ తర్వాత దశాబ్దం బర్మాది. ఈ రోజు బర్మా ఫుట్‌బాల్ అంటే ఎవరికీ ఏమీ గుర్తు రాదు. 1961 నుంచి 1970 లోపు ఆ దేశపు పిల్లలు ఒంటరిగానో, మరొకరితో కలిసో ఏడుసార్లు ఈ కప్పు ఎత్తుకెళ్లారు. ఆ పంట వృథా పోలేదు. 1966, 1970 ఆసియా క్రీడల్లో బర్మా పెద్దల జట్టుకు స్వర్ణాలు దక్కాయి, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. పిల్లల మైదానంలో వేసిన విత్తనం ఎన్నేళ్లకు కాపుకొస్తుందో చూపించడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు కనిపించదు.

1970ల్లోకి వచ్చేసరికి ఇరాన్ లేచింది. 1972లో పెద్దల ఆసియా కప్‌ను ఇదే బ్యాంకాక్‌లో గెలిచింది. 1973లో టెహ్రాన్‌లో యూత్ కప్ కూడా గెలిచింది. 1974 ఫైనల్లో మనవాళ్లకు ఎదురుపడింది ఆ జట్టు. గెలుపు తప్ప మరోటి ఎరగని ఊపులో ఉన్న వాళ్లతో 2-2 అంటే అది అదృష్టం కాదు.

ఫైనల్ సమానమైతే పెనాల్టీ కిక్‌లతో తేల్చవచ్చు కదా అనిపిస్తుంది. ఆ పద్ధతిని అంతర్జాతీయంగా ఆమోదించింది 1970లోనే. కానీ ఈ టోర్నీలో మాత్రం కప్పు పంచుకోవడమే ఆనవాయితీ. 1961లో బర్మా, ఇండోనేసియా పంచుకున్నాయి. 1975లో ఇరాక్, ఇరాన్. 1976లో ఇరాన్, ఉత్తర కొరియా. పంచుకోవడం ఏ దేశానికీ చిన్నతనం అనిపించలేదు. మనకు మాత్రం ఆ ‘సంయుక్త’ అనే మాట వల్లే కాబోలు, ఆ విజయం రికార్డు పుస్తకంలో ఒక చిన్న అక్షరాల వరుసగా మిగిలిపోయింది. ఇది అన్యాయం అని గట్టిగా చెప్పాలి.

ఆ జట్టు కోచ్ అరుణ్ ఘోష్. 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో రక్షణ శ్రేణి ఆటగాడు, అంటే రహీమ్ సాబ్ చేతిలో తయారైనవాడు. రహీమ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయేనాటికి షబ్బీర్‌కు ఏడేళ్లు. హైదరాబాద్ గురువు దగ్గర బెంగాలీ శిష్యుడు నేర్చుకున్న ఆట, ఆ శిష్యుడి ద్వారా మళ్లీ హైదరాబాద్ పిల్లవాడి దగ్గరికే వచ్చింది.

రహీమ్ సాబ్ పెద్దలకే కోచ్ అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో ఆయన పిల్లల కోసం పెట్టిన పోటీలు ఇప్పటి అకాడమీలకు పాఠం కాగలవు. ఒక పోటీలో ఎదుటివాళ్లను తప్పించుకుంటూ బంతితో పరుగులు తీయకూడదు, అందిన వెంటనే పాస్ ఇవ్వాల్సిందే. మరొక దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం పిల్లవాడు ఎడమకాలితో తంటాలు పడాలి. ఇలాంటి మట్టి నుంచే సిటీ పోలీస్ జట్టు వచ్చి 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరామ్ వచ్చాడు. 1970లో ఇదే బ్యాంకాక్‌లో ఆసియా క్రీడల కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. నాలుగేళ్లు తిరక్కముందే అదే నగరంలో షబ్బీర్. నలభై నెలల తేడాలో ఒకే ఊరివాళ్లు ఇద్దరు, పరదేశంలో ఒకే నగరంలో, దేశానికి నాయకులు! మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యమైనా చోటివ్వలేమా?

ఇక బాధ కలిగించే భాగం. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో టెహ్రాన్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. ఇరాన్ పెద్దల జట్టు సొంతగడ్డపై స్వర్ణం గెలిచింది. మన పెద్దల జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. చైనా చేతిలో అయితే 1-7. ఏప్రిల్‌లో కప్పు సమంగా పంచుకున్న రెండు దేశాలు సెప్టెంబర్‌కే అంత దూరమయ్యాయి. ఇరాన్ 1976లో ఆసియా కప్ నిలబెట్టుకుంది, 1978లో అర్జెంటీనాలో ప్రపంచకప్ ఆడింది. పిల్లల మీద పెట్టిన శ్రద్ధను వాళ్లు పైమెట్టు వరకూ తీసుకెళ్లారు. మన దగ్గర పైమెట్టే లేదు. దేశమంతటికీ ఒక జాతీయ లీగ్ మొదలైంది 1996లో. బ్యాంకాక్ కుర్రాళ్లు అప్పటికి బూట్లు విప్పేసి చాలాకాలమైంది.

కాలం కూడా మనకు కలిసిరాలేదు. ఫిఫా యూత్ ప్రపంచకప్ మొదటిసారి జరిగింది 1977లో, ట్యునీషియాలో. అప్పటి నుంచి ఆసియా యూత్ టోర్నీయే దానికి దారి అయింది. 1977లో ఇరాక్, ఇరాన్ అలాగే వెళ్లాయి. 1979లో టోక్యోలో ఆ కప్పు ఎత్తిన పద్దెనిమిదేళ్ల మారడోనాను ప్రపంచమంతా చూసింది. ఆ పోటీ మూడేళ్లు ముందే మొదలై ఉంటే ఆసియా విజేతగా మనం అక్కడ ఉండేవాళ్లం. ఇరవై ఏళ్లలోపు ప్రపంచకప్‌కు ఇప్పటివరకూ మనం ఒక్కసారీ అర్హత పొందలేదు. 2017లో పదిహేడేళ్లలోపు ప్రపంచకప్‌కు మనమే ఆతిథ్యమిచ్చాం కాబట్టి ఆడాం. ఢిల్లీలో కొలంబియాపై జీక్సన్ సింగ్ గోలు కొట్టినప్పుడు స్టేడియం హోరెత్తింది. ఆ జట్టులో మణిపూర్ పిల్లలదే పెద్ద వాటా. తెలుగు నేల నుంచి ఒక్కరూ లేరు.

షబ్బీర్ అలీ తర్వాత సీనియర్ జట్టుకూ ఆడారు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులకు ఆరాధ్యుడయ్యారు. కోచ్‌గా గోవా జట్టు సాల్గావ్‌కర్‌ను 1999లో జాతీయ లీగ్ విజేతగా నిలిపారు. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి ఫుట్‌బాలర్ ఆయనే.

1974 జట్టులోని వాళ్లకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు అటూ ఇటూ. ఇరాన్‌తో ఆ సాయంత్రం ఎవరు ఎవరిని కాచుకున్నారు, రెండో గోలు ఎలా వచ్చింది, చివరి ఈల ఊదాక కప్పును ముందుగా ఎవరు పట్టుకున్నారు అన్నవి వాళ్ల నోటే వినాలి. ఫుట్‌బాల్ సమాఖ్యో, ఒక విశ్వవిద్యాలయమో, మనలాంటి పత్రికలో ఈ ఏడే ఆ పని పెట్టుకోవాలి. మొదటి రికార్డింగ్ హైదరాబాద్‌లోనే జరగాలి.