ఎల్తమ్ మహాశాల: చేర్పు, అనుకరణ

లండన్ ఆగ్నేయ భాగంలోని ఎల్తమ్ ప్యాలెస్‌లో నాలుగవ ఎడ్వర్డ్ 1470లలో కట్టించిన మహాశాల ఉంది. ఎనిమిదవ హెన్రీ బాల్యం కొంత ఇక్కడే గడిచింది. ప్రాసాదం శిథిలమయ్యాక మిగిలిన ఈ శాల చాలాకాలం ధాన్యపు కొట్టంగా ఉపయోగపడింది. 1933లో స్టీఫెన్, వర్జీనియా కోర్టాల్డ్ దంపతులు స్థలాన్ని కౌలుకు తీసుకొని, శాలకు ఆనుకొని కొత్త ఇల్లు కట్టించారు. వాస్తుశిల్పులు సీలీ, పాజెట్. 1936లో నిర్మాణం పూర్తయింది.

ఈ చేర్పు విమర్శకు గురైంది. చరిత్రకారుడు జి.ఎం.యంగ్ దానిని సిగరెట్ ఫ్యాక్టరీతో పోల్చాడు. కొత్తదనమే అపరాధమన్న భావన ఆ పోలికలో ఉంది. అయితే కట్టడాన్ని పరిశీలిస్తే ఈ నిర్ణయం నిలవదు. శాల కనుమరుగు కాకుండా కొత్త ఇంటి రెండు పార్శ్వాలనూ కోణంగా విడదీసి, ప్రవేశమందిరాన్ని వాటి సంధిస్థానంలో ఉంచారు. స్వీడన్‌కు చెందిన రోల్ఫ్ ఎంగ్‌స్ట్రోమర్ రూపకల్పన చేసిన ఆ మందిరానికి కాంక్రీటు, గాజులతో కట్టిన గుమ్మటం ఉంది. దానిని చూసి పదిహేనవ శతాబ్దపు పని అని భ్రమించేవారుండరు. వెలుపలి ఎర్రఇటుక గోడలు మాత్రం పదిహేడవ శతాబ్దపు రెన్ శైలిని తలపిస్తాయి. అక్కడ కొంత వేషధారణ ఉన్న మాట నిజమే.

అసలు చిక్కు మహాశాల లోపల ఉంది. మరమ్మతుల సందర్భంలో అక్కడ వాద్యగాళ్ల కోసమన్నట్టుగా ఒక వేదికను పైయెత్తున చేర్చారు. మధ్యయుగంలో ఈ శాలకు అటువంటిది లేదు. విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘాన్ని స్థాపించినప్పుడు వ్యతిరేకించినది సరిగ్గా ఇటువంటి పనినే. పాతదానిని నిలబెట్టే మరమ్మతు వేరు, ఊహించిన పాతదనాన్ని కల్పించే పునరుద్ధరణ వేరు అన్నది ఆయన వాదం. (మన ‘జీర్ణోద్ధరణ’ అన్న మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉండడం గమనార్హం.) చేర్పు తన కాలపు ముద్రను ధరించాలన్న సూత్రాన్ని 1964 నాటి వెనిస్ ఒడంబడిక అంతర్జాతీయంగా ప్రతిపాదించింది. ఆ కొలతతో చూస్తే విమర్శకు తగినది గాజు గుమ్మటం కాదు, చెక్క వేదిక. కాని ఆనాటి దుమారం ఇంటి మీదనే రేగింది.

కోర్టాల్డ్ దంపతులు 1944లో ఎల్తమ్ విడిచిపోయారు. తరువాత సైనిక విద్యాసంస్థలు 1992 వరకు అక్కడ నడిచాయి. ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ 1990లలో ఆ చేర్పునే వారసత్వసంపదగా గుర్తించి 1930ల రూపానికి తెచ్చింది. ప్రవేశమందిరంలోని మేరియన్ డోర్న్ తివాచీ ఇప్పుడు ప్రతిరూపమే. అసలుది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. తివాచీ విషయంలో ఆ సంగతి దాచలేదు.