అభ్యంగ మెవ్వరికి నిషిద్ధము?

ఉదయమున లేచి పండ్లు తోముకొనుట, కంటఁ గాటుక పెట్టుకొనుట, ఒడలికి నూనె యంటుకొని స్నానము చేయుట మన యిండ్లలో నిత్యకృత్యములని చెప్పుకొందుము. ఇవి మన యింటి వారందఱికిని నిత్యకృత్యములుగా నుండలేదను మాట మఱచుచుందుము.

వాగ్భటుని యష్టాంగహృదయము సుమారు క్రీ. శ. 7వ శతాబ్దము నాఁటిదని పండితులు తలఁచుచున్నారు. అందలి సూత్రస్థానమున రెండవ యధ్యాయమునకు దినచర్య యని పేరు. విధులు మిక్కిలి సులభములు. బ్రాహ్మముహూర్తమున మేల్కొనవలెను. జిల్లేడు, మఱ్ఱి, చండ్ర, కానుగ, మద్ది మొదలగు చెట్ల పుల్లతోఁ జిగుళ్లు నొవ్వకుండఁ బండ్లు తోమవలెను. ఆ పుల్ల చిటికెనవ్రేలి కొనయంత లావును, 12 వ్రేళ్ల వెడల్పంత నిడుపును గలదిగా నుండవలెను. కన్నులకు నిత్యము సౌవీరాంజన మిడవలెను. (దీనిని నేఁడును వాడుఁడని నేను జెప్పను, కొన్ని కాటుకలలో సీసమున్నట్లు పరీక్షలవలనఁ దేలినది.) నూనె ప్రతిదినమును, విశేషించి తలకును జెవులకును బాదములకును బట్టింపవలెను, దానిచే ముదిమియు బడలికయుఁ దగ్గును, నిద్ర పట్టును. వేఁడినీరు మెడకు దిగువనే పోసికొనవలెను. తలపైఁ బోసినచో వెండ్రుకలకును గన్నులకును బలము తగ్గును.

ఈ యధ్యాయమున విధులకంటె నిషేధములే నాకు విలువగలవిగాఁ దోఁచుచున్నవి. అజీర్ణము, వాంతి, దగ్గు, జ్వరము గలవారు పుల్లతోఁ దోమరాదు. కఫము పెచ్చు పెరిగినవారును, శోధనచికిత్స పొందినవారును, అజీర్ణరోగులును నూనె యంటుకొనరాదు. గాయపడినవారికిని క్షయరోగులకును దాంబూలము కూడదు. వైద్యుఁడు చూచినది దేహస్థితిని మాత్రమే. వైధవ్యమును రోగములలో నాతఁడు చేర్చలేదు.

చేర్చినవారు వేఱు. ధర్మశాస్త్ర నిబంధములు భర్త పోయిన స్త్రీకి నభ్యంగమును, అంజనమును, తాంబూలమును గూడదనినవి. అగ్రవర్ణములవారి యిండ్లలో నా కట్టడి తరతరములు సాగినది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. అటుపిమ్మట నట్టి వివాహము కొందఱికే లభించినది. తక్కినవారు తెల్లవాఱకమున్నె లేచి, బావియొద్దఁ జన్నీరు గ్రుమ్మరించుకొని, పొయ్యిపొగలోఁ గన్నులు మండుచుండఁ బదిమందికి వండిపెట్టుచుండిరి. పగిలిన యరికాళ్లకు నూనె రాచుకొన్నను దప్పే. అదే యింట, అదే వారమున, మగవారికిని బిల్లలకును దలంటి పోయుట మాత్రము మానలేదు. ఆ నూనె కాఁచి యిచ్చినది పలుమా ఱా వితంతువే.

దినచర్య యధ్యాయముననే, స్నానమునకుఁ బిమ్మట, జీవనోపాయము లేనివారిని, రోగులను, శోకార్తులను శక్తికొలఁది నాదుకొనవలెనని విధింపఁబడియున్నది. నూనెగిన్నె నెత్తి దాఁచిన పెద్దలు అంతవఱకుఁ జదివిరో లేదో!