ఇండెక్సింగ్: విడిగానా, గంపగుత్తగానా?

సెర్చ్ ఇంజన్‌లోకి పత్రాలను ఒక్కొక్కటిగా పంపితే విడి ఇండెక్సింగ్. వందలో వేలో కట్టగట్టి ఒకేసారి పంపితే బల్క్ ఇండెక్సింగ్. పత్రాలు లక్షల్లో ఉన్నప్పుడు రెండోదే చాలా వేగం. పత్రాన్ని చదివి మాటలుగా విడదీసే శ్రమ రెండింట్లోనూ ఒక్కటే. తగ్గేదల్లా, పంపిన ప్రతిసారీ పడే అదనపు ఖర్చు.

లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ పునాదిగా 2010లో వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. విడిగా పంపిన ప్రతి పత్రానికీ నెట్‌వర్క్‌లో ఒక రాకపోక తప్పదు, మామూలు అమరికలో ట్రాన్స్‌లాగ్‌ను (మార్పుల చిట్టాను) డిస్కులో భద్రపరచకుండా జవాబు రాదు. బల్క్‌లో ఈ ఖర్చును కట్టలోని పత్రాలన్నీ పంచుకుంటాయి. అలాగని కట్ట పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతూ పోదు, మెమరీ మీద భారం పడుతుంది. అందుకే 100 పత్రాలతో మొదలుపెట్టి, 200, 400 అంటూ రెట్టిస్తూ, వేగం పెరగడం ఆగిన చోట నిలవాలి. కట్టలో ఒక పత్రం విఫలమైనా తక్కినవి చేరిపోతాయి కాబట్టి, జవాబులో ప్రతి పత్రం ఫలితాన్నీ విడిగా చూడాల్సిందే. ఈ పని వదిలేస్తే పత్రాలు ఎవరికీ తెలియకుండానే గల్లంతవుతాయి.

తెలుగునాట ఈ రెండు పద్ధతుల అవసరమూ రిజిస్ట్రేషన్ శాఖలో తెలిసింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజులకు మనుషుల పేర్లతో ఒక సూచీ, ఆస్తుల వివరాలతో మరొకటి ఉండాలి. ఆస్తి మీది లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కావాలంటే ఆ పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న కార్డ్ పథకంతో కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు సుమారు 15 ఏళ్ల వివరాలను మూకుమ్మడిగా ఎక్కించారు. కొత్త దస్తావేజులు రిజిస్ట్రేషన్ అయినకొద్దీ చేరాయి. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి జరిగిన లావాదేవీలకే దొరకడానికి మూలం ఇదే.

పాత రికార్డులను ఎన్ని రాత్రులైనా ఎక్కించవచ్చు. ఈ రోజు జరిగిన అమ్మకం అలా కాదు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీది అబ్దుల్లాపూర్‌మెట్ లాంటి చోట, పొద్దున చేతులు మారిన ప్లాటు గురించి మధ్యాహ్నమే మరొకరు ఆరా తీయవచ్చు. కట్ట నిండేదాకా ఆ దస్తావేజును ఆపితే, అమ్మేసిన ప్లాటు ఇంకా పాత యజమాని పేరునే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ తేడాకు తగ్గట్టే సెర్చ్ ఇంజన్ అమరికలూ మారాలి. తొలి భారీ లోడింగ్‌లో కొత్త పత్రాలను వెతుకులాటకు అందించే రిఫ్రెష్‌ను ఆపి, రెప్లికాలను (నకళ్లను) సున్నా చేసి, పని ముగిశాక మళ్లీ పెడతారు. రోజువారీ పత్రాలకు రిఫ్రెష్ నడుస్తూ ఉండాలి. చేరిన పత్రం వెతుకులాటలో కనిపించేదాకా జవాబు ఆపే ‘వెయిట్ ఫర్’ సదుపాయమూ ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఉంది.