డామినో బిళ్ళల ఆట



జూదమను మాట వినగానే పెద్దల మొగము ముడుచుకొనుట సహజము. మనుస్మృతి ప్రాణములేని వస్తువులతో ఆడుదానిని ద్యూతమనియు, కోళ్ళు పొట్టేళ్ళు మొదలగు ప్రాణులమీద పందెమొడ్డి ఆడుదానిని సమాహ్వయమనియు విభజించి, రెంటిని రాజు తన రాజ్యమున నిలువనీయరాదని విధించినది. ద్యూతము ప్రకృతి, జూదము వికృతి. అయినను మన పల్లెలలో అరుగుల మీద గీతలు గీచుకొని ఆడుకొను పులిజూదములో కాసు పందెము లేదు. పేరు జూదమే, దోషము మాత్రము లేదు. నేడు నేను చెప్పబోవు డామినోల ఆటయు అట్టిదే. పందెము కట్టినవానికి అది జూదము, కట్టనివానికి లెక్క.

ఈ బిళ్ళల పుట్టిల్లు చీనాదేశము. 1120 ప్రాంతమున ఎవరో ఒక చక్రవర్తికి వీనిని కానుకగా సమర్పించినట్లు ఆ దేశమున ఒక కథ చెప్పుకొందురు. కథను కథగానే ఉంచుదము. 1232 మొదలు 1298 వరకు జీవించిన చౌ మీ అను గ్రంథకర్త, దక్షిణ సుంగు వంశపు రాజధానీనగర విశేషములను వర్ణించుచు, వీథులలో తిరిగి అమ్మువారి సరకులలో ఈ బిళ్ళలను కూడ పేర్కొనెను. అనగా అప్పటికే అవి అంగడి వస్తువులు.

రెండు పాచికలు ఒకమారు వేసినచో పడదగిన జతలు 21. చీనావారు ఆ 21 జతలను 21 విధముల బిళ్ళలమీద చెక్కి, అందు 11 విధములకు రెండేసి బిళ్ళలు చేసి, మొత్తము 32 చేసికొనిరి. ఆరు-ఆరు బిళ్ళకు ఆకాశమని పేరు. ఒకటి-ఒకటికి భూమి. నాలుగు-నాలుగుకు మానవుడు. ఆట వస్తువులకు కూడ ఇట్టి పేర్లు పెట్టిన జాతిని మెచ్చుకొనకుండ ఉండలేను.

పదునెనిమిదవ శతాబ్దమున ఈ ఆట ఇటలీలో కనబడి, అచటినుండి ఫ్రాన్సునకును ఆంగ్లదేశమునకును వ్యాపించెను. ఐరోపావారు రెండు మార్పులు చేసిరి. ఒకే విధపు బిళ్ళ రెండుమారులు రాకుండ తీసివేసిరి. చుక్కలు లేని ఖాళీ భాగమును కొత్తగా చేర్చిరి. పాచికకు ఖాళీ ముఖము లేదు కనుక చీనా బిళ్ళలలో శూన్యము లేదు. శూన్యమునకు కూడికలు తీసివేతలు నియమించి 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము రచించిన బ్రహ్మగుప్తుని దేశమువారము గనుక, ఈ చేర్పు మనకు వింతగా తోచదు. పాత 21కి ఖాళీతో కూడిన 7 చేరి 28 ఆయెను. ఎముక, దంతము, నల్లచేవ కొయ్య వీనికి ముడిసరకులు.

ఎముక అన్నందున ఒక సంగతి చెప్పవలెను. 1797 మొదలు 1814 వరకు ఆంగ్లదేశమున నార్మన్ క్రాస్ అనుచోట, యుద్ధములలో పట్టుబడిన ఫ్రెంచివారిని వేలకొలదిగా బంధించి ఉంచిరి. వారిలో నేర్పరులు తమకు తిండితో వచ్చిన మాంసపు ఎముకలను ఎండబెట్టి, చెక్కి, నునుపుచేసి, డామినో బిళ్ళలను, వానికి చిత్రమైన పెట్టెలను చేసి, బయటి జనులకు అమ్మి నాలుగు కాసులు కూడబెట్టుకొనిరి. అదే చెరలో మరికొందరు జూదమునకు మరిగి, ఒంటిమీది బట్టలను, మరునాటి రొట్టెను కూడ ఒడ్డి ఓడి, చలికి వణకుచు ఆకలితో పడియుండిరి. రాజ్యమును ఓడి కట్టుబట్టతో అడవిపాలైన నలుడు మనకు కథలోనివాడు. వీరు చరిత్రలోనివారు.

ఇక ఆడు పద్ధతి. బిళ్ళలను బోర్లించి కలిపి, ఇద్దరైనను నలుగురైనను మనిషికి ఏడేసి తీసికొనవలెను. ఇద్దరాడునపుడు మిగిలిన 14 కుప్పగా ప్రక్కన ఉండును. నలుగురైనచో ఏమియు మిగులదు. ఎదురెదురు కూర్చున్నవారు ఒక జట్టు. పెద్ద జంటబిళ్ళ గలవాడు మొదట వేయును. తరువాతివాడు వరుసకు ఏ కొసనైన అదే సంఖ్యగల బిళ్ళను తాకించి పెట్టవలెను. జంటబిళ్ళను అడ్డముగా పెట్టుదురు. చేతిలో తగిన బిళ్ళ లేనిచో కుప్పనుండి తీయవలెను; కుప్ప లేనిచో వంతు వదలుకొనవలెను. చేయి ముందుగా ఖాళీ అయినవాడు గెలిచి, ఎదిరిచేతిలో మిగిలిన చుక్కలన్నియు తన లెక్కలో వేసికొనును. ఎవరికిని వేయుటకు వీలులేక ఆట బిగిసినచో, తక్కువ చుక్కలవాడు గెలుచును. క్యూబా ద్వీపమువారు తొమ్మిది వరకు చుక్కలుగల 55 బిళ్ళలతో ఆడుదురు. నలుగురు పదేసి తీసికొనగా 15 తెరవకుండ మిగులును. అందేమున్నదో ఎవరికిని తెలియదు.

ఆటలోని ప్రాణమంతయు ఎంచుటలో ఉన్నది. ఒక్కొక్క సంఖ్య ఏడు బిళ్ళలమీద ఉండును. మూడు చుక్కల బిళ్ళలు నీచేత మూడు, నేలమీద నాలుగు ఉన్నచో, ఎదిరిచేత ఒకటియు లేదు. అప్పుడు రెండు కొసలయందును మూడు వచ్చునట్లు చేసితివా, వాడు నోరుమూసికొని కూర్చుండవలసినదే. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుమాత్రమున ఎంచి, ఆ విద్యతోడనే నలునకు అక్షహృదయము నుపదేశించెను. పాచికల మర్మమును సంఖ్యాశాస్త్రమును వ్యాసులవారు ఒకేచోట కట్టివేసిరి.

1735లో ఆయిలర్ అను గణితవేత్త, కోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనలను ఒక్కొక్కదానిని ఒకేమారు దాటి తిరుగుట సాధ్యము కాదని సరి-బేసి సంఖ్యల తర్కముతో నిరూపించెను. ఆ తర్కమే ఈ బిళ్ళలకును చెల్లును. 28 బిళ్ళలను కొసలు కలియునట్లు వలయముగా పేర్చవచ్చును. ఆరు చుక్కలుగల ఏడింటిని తీసివేసినచో, మిగిలిన 21ని ఒకే వరుసగా పేర్చుట ఎవరి తరమును కాదు. జంటలు గాక ఒక్కొక్క సంఖ్య అప్పుడు ఐదు బిళ్ళలమీద, అనగా బేసిగా, ఉండుటయే కారణము.

మీ మనుమలకు దీనిని వినోదముగా చూపవచ్చును. 28లో మూడు-ఐదు బిళ్ళను ఎవరును చూడకుండ కండువాలో దాచుకొని, మిగిలినవానినన్నిటిని ఒకే వరుసగా పేర్చుమని పిల్లలకు చెప్పుడు. వారు ఎట్లు పేర్చినను, ఒక కొసన మూడు, రెండవ కొసన ఐదు నిలుచును. మీరు ఆ గదిలో లేకున్నను ముందుగానే చెప్పవచ్చును.