కారు బ్రేకులు మార్చవలసిన సమయం – ముందుగా కనిపించే సూచనలు, చట్ట నిబంధనలు

రహదారి ప్రమాదం జరిగిన మరునాటి వార్తలలో తరచుగా కనిపించే మాట "బ్రేకులు ఫెయిలయ్యాయి" అన్నది. మంచి స్థితిలో ఉన్న బ్రేకు ఏ సూచనా లేకుండా ఒక్క క్షణంలో పనిచేయకుండా పోవడం అరుదు. అరుగుదల, లీకు, బ్రేక్ ఆయిల్‌లో చేరిన తేమ వంటి లోపాలు వారాలు, నెలల తరబడి పెరుగుతూ వస్తాయి. ఆ కాలమంతా అవి శబ్దం రూపంలోనో, పెడల్ ప్రవర్తనలో మార్పు రూపంలోనో బయటపడుతూనే ఉంటాయి. ఆ సూచనలను గుర్తించే విధానాన్ని, సంబంధిత చట్ట నిబంధనలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

తనిఖీ బాధ్యత ఎవరిది?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం బస్సు, లారీ, టాక్సీ వంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ ధృవపత్రం తప్పనిసరి. ఎనిమిదేళ్ల వయసు వచ్చేవరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా దానిని పునరుద్ధరించుకోవాలి. సొంత వినియోగానికి ఉన్న కారు విషయం వేరు. దాని రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాల పాటు చెల్లుతుంది. గడువు ముగిసిన తరువాత మాత్రమే వాహనాన్ని పరీక్షించి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అనగా, సాధారణ పరిస్థితులలో సొంత కారు బ్రేకులను ప్రభుత్వ తనిఖీ అధికారి తొలి 15 సంవత్సరాలలో ఒక్కసారి కూడా పరీక్షించవలసిన అవసరం ఏర్పడదు. కాలుష్య ధృవపత్రం కోసం జరిపే పరీక్ష ఇంజిన్ పొగకు మాత్రమే పరిమితం. దానిని వాహన స్థితికి హామీగా భావించే యజమానులు లేకపోలేదు గాని, బ్రేకుతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఈ ఖాళీని చట్టం యజమాని, చోదకుల జాగ్రత్తకు వదిలివేసింది. సెక్షన్ 190 ప్రకారం, తనకు తెలిసిన లోపం ఉన్న వాహనాన్నే గాక, సాధారణ జాగ్రత్త వహిస్తే తెలుసుకోగలిగి ఉండే లోపం ఉన్న వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ప్రమాదకరమయ్యే రీతిలో నడపడం కూడా శిక్షార్హం. నడిపేందుకు అనుమతించిన వ్యక్తి కూడా బాధ్యుడే. లోపం సంగతి తెలియదని చెప్పినంత మాత్రాన బాధ్యత తొలగిపోదు. అందువల్ల సాధారణ జాగ్రత్తతో ఏమేమి తెలుసుకోవచ్చునన్న ప్రశ్నకు ప్రాధాన్యం ఏర్పడుతున్నది.

ప్యాడ్ల అరుగుదల

నేటి కార్లలో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఉంటాయి. అనేక మోడళ్లలో వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులే ఉన్నాయి. పెడల్ తొక్కినపుడు బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో కాలిపర్ రెండు ప్యాడ్లను డిస్క్‌కు ఇరువైపులా అదుముతుంది. బ్రేకు వేసినపుడు వాహనం బరువు ముందుకు మళ్లుతుంది గనుక సాధారణంగా ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి.

కొత్త ప్యాడ్‌పై రాపిడి పదార్థం సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు చేరువైనపుడు మార్చుకోవడం శ్రేయస్కరం. ఖచ్చితమైన కనీస మందం ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క అన్ని కార్లకూ సరిపోదు. నగరంలో కూడలి కూడలికీ ఆగే కారు ప్యాడ్లు, అదే కాలంలో జాతీయ రహదారిపై తిరిగే కారు ప్యాడ్ల కంటే ఎంతో ముందుగా అరిగిపోతాయి. అల్లాయ్ చక్రాలున్న కార్లలో చువ్వల సందుల నుండి టార్చిలైటు వెలుగులో బయటి ప్యాడ్ మందాన్ని చూడవచ్చు. లోపలి ప్యాడ్ అంతకంటే ఎక్కువ అరిగి ఉండే అవకాశం ఉంది గనుక, సర్వీసింగ్ సమయంలో చక్రం ఊడదీయించి రెండింటినీ పరిశీలించడమే సరైన పద్ధతి.

అనేక ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు అమర్చబడి ఉంటుంది. రాపిడి పదార్థం తరిగిపోవచ్చినపుడు ఆ రేకు డిస్క్‌ను తాకి కీచుమని సన్నని శబ్దం చేస్తుంది. ఇది తయారీదారు ఉద్దేశపూర్వకంగా ఏర్పాటు చేసిన హెచ్చరిక. స్టీరియో ధ్వనిలోనో, అద్దాలు బిగించిన ఏసీ ప్రయాణంలోనో ఇది వినిపించకపోవచ్చును. వర్షంలో రాత్రంతా నిలిపిన కారు ఉదయం తొలి రెండు మూడు బ్రేకులకు చేసే గరగర శబ్దం మాత్రం డిస్క్‌పై పట్టిన పలుచని తుప్పు వల్ల వచ్చేది. అది వెంటనే పోతుంది, ఆందోళన అవసరం లేదు. ఇనుముతో ఇనుము ఒరుసుకుంటున్నట్లు బరబరమనే శబ్దం ప్రతి బ్రేకుకూ వినిపిస్తే, ప్యాడ్‌పై పదార్థం పూర్తిగా పోయి వెనుకనున్న ఇనుప పలక డిస్క్‌ను కోస్తున్నదని గ్రహించాలి. ఆ స్థితిలో కారును నడపక, మెకానిక్‌ను పిలిపించుకోవడమే మేలు. ప్యాడ్లతో పోవలసిన ఖర్చు డిస్క్ వరకు పెరిగేది కూడా ఇక్కడే. డిస్క్‌కు కూడా కనీస మందం నిర్ణయించబడి ఉంటుంది. ఆ అంకె సాధారణంగా డిస్క్‌పైనే చెక్కబడి ఉంటుంది. అంతకు తగ్గిన డిస్క్‌ను లేత్‌పై చదును చేయించి వాడటం తగదు.

పెడల్ తెలిపే విషయాలు

పెడల్ మెత్తగా, స్పాంజిని తొక్కినట్లుగా ఉంటే పైపులలో గాలి చేరి ఉండవచ్చు. కారు నిలిపి ఉంచి పెడల్‌ను ఒకే ఒత్తిడితో తొక్కిపట్టినపుడు అది మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు పాడవడమో, ఎక్కడో లీకు ఉండటమో కారణం. రెండు మూడు సార్లు వరుసగా తొక్కితేగాని బ్రేకు పడని కారును అలవాటుగా నడిపే చోదకులు ఉన్నారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 22 మీటర్ల దూరం దాటిపోతుందన్న సంగతి వారు లెక్కలోకి తీసుకోవడం లేదు.

బ్రేకు వేసినపుడు కారు ఒక పక్కకు లాగుతుంటే ఆ జతలో ఒక కాలిపర్ బిగుసుకుపోయి ఉండవచ్చు, లేదా ఒక ప్యాడ్‌కు ఆయిల్, గ్రీజు అంటి ఉండవచ్చు. పెడల్, స్టీరింగ్ అదిరితే డిస్క్ మందం అంతటా సమానంగా లేదని అర్థం. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ఏబీఎస్ గల కార్లలో, గట్టిగా బ్రేకు వేసినపుడు పాదం కింద టకటకమని తగిలే కదలిక ఆ వ్యవస్థ పనిచేస్తున్నదనడానికి సూచన. 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి చేయబడింది. చక్రాలు బిగుసుకొని జారకుండా చూడటం దాని పని. అరిగిన ప్యాడ్ల లోటును అది పూడ్చలేదు.

వెనుక డ్రమ్ బ్రేకుల అరుగుదల బయటికి కనిపించదు. హ్యాండ్ బ్రేక్ లీవరును మునుపటి కంటే బాగా పైకి లాగవలసి రావడం, చక్రం లోపలి వైపు తడి మరకలు కనిపించడం పరిశీలించదగిన గుర్తులు.

బ్రేక్ ఆయిల్

అన్నింటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది బ్రేక్ ఆయిల్. సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. నిర్ణీత మోతాదులో తేమ చేరిన తరువాత ఆ పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 విషయంలో ఈ అంకెలు 205, 140. అందుచేత కారు ఎంత తక్కువ తిరిగినా, సుమారు రెండేళ్లకొకసారి ఆయిల్ పూర్తిగా మార్పించి ఎయిర్ తీయించాలన్నది సాధారణ నియమం. మూతకు లేక మాన్యువల్‌లో సూచించిన రకాన్నే వాడాలి.

డబ్బాలో మట్టం తగ్గడానికి రెండు కారణాలుంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ కాలిపర్లలోకి చేరి మట్టం నెమ్మదిగా దిగుతుంది. ప్యాడ్లు కొత్తవై ఉండగా మట్టం తగ్గిందంటే మాత్రం లీకు ఉన్నట్లే. ఎర్ర దీపం వెలిగినపుడు పరిశీలించకుండా ఆయిల్ పోసి దీపం ఆర్పివేయడం వల్ల ఈ రెండు హెచ్చరికలూ మరుగున పడుతున్నాయి.

ఘాట్ రోడ్లు

తిరుమల, శ్రీశైలం, అనంతగిరి, మారేడుమిల్లి ఘాట్ మార్గాలలో బ్రేకుకు అసలైన పరీక్ష ఎదురవుతుంది. దిగువకు వచ్చేటపుడు పెడల్‌పై నిరంతరం పాదం ఉంచితే ప్యాడ్లు, డిస్క్ విపరీతంగా వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఆ వేడికి తేమ చేరిన ఆయిల్ మరిగి పైపులలో ఆవిరి ఏర్పడుతుంది. ద్రవంలా గాక ఆవిరి నొక్కుకుపోతుంది గనుక పెడల్ నేలను తాకినా ఒత్తిడి చక్రానికి చేరదు. ఎక్కేటపుడు వాడిన గేరులోనే దిగవలెనన్న పాత చోదకుల నియమం నేటికీ సరైనదే. ఇంధనం ఆదా అవుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగడం అత్యంత ప్రమాదకరం. ఇంజిన్ ఆగితే బూస్టరుకు శక్తి అందదు. అందులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు బ్రేకులకే సరిపోతుంది, ఆ తరువాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

ఎలక్ట్రిక్ కార్లలో వేగం తగ్గించే పనిలో కొంత భాగాన్ని మోటారే చేస్తుంది. అందువల్ల ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. అయితే వాడకం తక్కువై డిస్క్‌లు తుప్పు పట్టడం, కాలిపర్లు బిగుసుకోవడం వీటిలో ఎక్కువ. ఆయిల్ మార్పు గడువులో మినహాయింపు లేదు.

మార్పించేటపుడు

ప్యాడ్లను ఎడమ, కుడి చక్రాలకు కలిపి జతగానే మార్చాలి. ఒక వైపు మాత్రమే మారిస్తే కారు పక్కకు లాగుతుంది. పాత ప్యాడ్లను యజమాని అడిగి చూడటం మంచిది, అరుగుదల ఒకే తీరుగా ఉన్నదీ లేనిదీ వాటిలో తెలుస్తుంది. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే, కారు కదిలించక ముందే, పెడల్ గట్టిపడే వరకు కొన్నిసార్లు తొక్కవలెను. ఈ పని మరచిన సందర్భంలో షెడ్డు గేటు వద్ద తొలి బ్రేకు పడదు. తొలి కొన్ని వందల కిలోమీటర్లు ప్యాడ్లు డిస్క్‌కు సర్దుకునే కాలం గనుక, తప్పనిసరి అయితే తప్ప హఠాత్తు బ్రేకులు వేయరాదు.

ప్రమాదానంతర పరిశీలన

ప్రమాదానికి గురైన వాహనాన్ని అధీకృత అధికారి తనిఖీ చేసేందుకు చట్టంలోని సెక్షన్ 136 వీలు కల్పిస్తున్నది. ఆవిరి వల్ల బ్రేకు పడని సందర్భంలో ఒక చిక్కు ఉన్నది. వాహనం చల్లబడగానే ఆవిరి తిరిగి ద్రవమై, తనిఖీ నాటికి పెడల్ మామూలుగానే పనిచేస్తుంది. అటువంటపుడు బ్రేకులు సక్రమంగా ఉన్నాయన్న నిర్ధారణ గాని, వాటంతటవే ఫెయిలయ్యాయన్న చోదకుని మాట గాని వాస్తవాన్ని పూర్తిగా తెలుపవు. డిస్క్‌పై వేడికి ఏర్పడిన నీలి మచ్చలు, గాజులా మెరిసే ప్యాడ్ ఉపరితలం, మిగిలిన మందం, ఆయిల్‌లో తేమ, చివరిసారి ఆయిల్ మార్చిన తేదీ, ప్రమాద సమయంలో ఉన్న గేరు నమోదైనపుడే లోపం యంత్రానిదో, నిర్వహణదో, నడిపిన తీరుదో తేలుతుంది. ఆ వివరాలు అందే వరకు వార్తలో గాని, ప్రాథమిక నివేదికలో గాని బ్రేకుల వైఫల్యాన్ని చోదకుడు చెప్పిన కారణంగానే పేర్కొనడం సముచితం.